పెద్ద చేప

ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి కోడలు అత్తగారితో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది పెద్దావిడకు. రెండేళ్లు నిండినా మనవడు నిలబడడు, మెడ వాల్చేస్తాడు. ఇవాళ డాక్టరమ్మ కారణం చెప్పింది. కరెంటు కోసం ఆనకట్ట కట్టి అడవిని ముంచేశారు కదా, నీటి అడుగున అదంతా కుళ్లేకొద్దీ మట్టిలోని పాదరసం విషమై చేపల్లో చేరుతోందట. చేప ఎంత పెద్దదైతే అంత విషమట. కడుపులో ఉన్న బిడ్డకు తల్లి తిన్నదే తగిలిందట.

పెద్ద చేప! కోడలు నీళ్లోసుకున్న దగ్గర్నుంచి, తన భర్త వల దించగానే బుట్టంతా వెతికి అన్నిటికన్నా పెద్దదాన్ని తీసి దాచింది ఎవరు? వెగటుగా ఉందత్తయ్యా అంటే, బిడ్డ కోసమమ్మా, ఇంకొక్క ముక్క అని బతిమాలింది ఎవరు? తను చిన్న చేపలతో సరిపెట్టుకుని, అదో పెద్ద త్యాగమని ఎంత మురిసిపోయిందో... తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఈ సంగతి గడప దాటకూడదు," అన్నాడు పెద్దావిడ భర్త, వల బాగుచేస్తూ తలెత్తకుండా. "తెలిస్తే మన చేపలు ఎవరు కొంటారే? పిల్లాడికి మందులెలా తెస్తాం?"

అంతలోనే పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, మా అమ్మాయికి నెల తప్పింది. నీ కోడలికి పెట్టినట్టే ఓ పెద్ద చేప తీసి ఇవ్వవూ?"

భర్త కళ్లతోనే వద్దన్నాడు. లోపల మనవడు మూలిగాడు.

"పెట్టకు వదినా," అంది పెద్దావిడ. "నేను పెట్టబట్టే మావాడు ఇలా అయ్యాడు..."

డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేసింది. పక్కింటావిడ ఖాళీ గిన్నెతో వెళ్లిపోయింది. భర్త వల పక్కన పడేసి బయటికి నడిచాడు. ఆమె గోడకు జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి కోడలు వచ్చి పిల్లాణ్ణి ఆమె ఒళ్లో పడుకోబెట్టి, మెత్తగా పిసికిన అన్నం గిన్నె పక్కన పెట్టింది.

"నా చేత్తో వద్దమ్మా..."

"మీరు పెడితేనే మింగుతాడు అత్తయ్యా, నేను పెడితే ఉమ్మేస్తున్నాడు." కోడలు పిల్లాడి మూతి తుడిచింది. "నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ వాడికి ఆకలేస్తోంది."

ఆమె కళ్లు తుడుచుకుంది. మనవడి మెడ కింద చెయ్యి ఆనించి, చిన్న ముద్ద నోటికందించింది. వాడు చాలాసేపటికి మింగాడు. కోడలు లేచి వెళ్లకుండా పక్కనే కూర్చుంది.