బంగారు దుప్పి అద్దం

మణిసాల రాజ్యంలో పిల్లల గొంతు వినబడి మూడు నెలలైంది. వీధుల్లో గోలీల చప్పుడు లేదు, ఏడుపు కూడా లేదు. ప్రతి అరుగు మీదా ఒక బిడ్డ ఒళ్ళో అద్దం పెట్టుకుని, రెప్ప వేయకుండా కూర్చుని ఉండేది.

ఆ అద్దాలు రాజు విజయకేతుడు తెప్పించినవే. లెక్కలంటే భయపడే పిల్లల కోసం నల్లకొండ మీది యక్షిణి వాటిని చేసి ఇచ్చింది. అద్దంలో ఒక బంగారు దుప్పి పరుగెత్తుతుంది. వాగు అడ్డం వచ్చినప్పుడు అద్దం ఒక లెక్క అడుగుతుంది. సరిగ్గా చెబితే దుప్పి వాగు దూకుతుంది, తప్పు చెబితే నీళ్ళలో పడుతుంది. మొదట్లో పిల్లలు కేరింతలు కొట్టారు, ఎక్కాలు తమంతట తామే వల్లించారు. పెద్దలు సంబరపడి ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. కానీ వాగు తరువాత మరో వాగు, మరింత కష్టమైన లెక్క. ఎంత దూకినా అడవి తరగలేదు. పిల్లల మాట ఆగిపోయింది. ఆ పైన వాళ్ళ కాలివేళ్ళు గాజుగా మారసాగాయి.

చాపలల్లే బసవన్న కొడుకు సూరన్నకు గాజు మోకాళ్ళ దాకా వచ్చింది. తల్లి లేని ఆ ఇంట్లో బసవన్నే రోజూ గంజి చల్లార్చి వాడి నోటికి అందించేవాడు. వాడు మింగేవాడు. ఆ ఇంటికి మిగిలిన ఊరట అదొక్కటే.

వాడి అక్క ముత్యాలికి పన్నెండేళ్ళు. లెక్కల్లో మొద్దని అందరూ వేళాకోళం చేయడంతో సిగ్గుపడి అద్దం ముట్టలేదు, అందుకే మిగిలింది. గాజు గుండెను చేరితే తమ్ముడు దక్కడని వైద్యుడు చెప్పిన మర్నాడే, ఆమె యక్షిణిని వెతుక్కుంటూ బయలుదేరింది.

మూడు రోజులు అడవిలో నడిచాక ఏటి రేవులో ఒక రాక్షసుడు అడ్డం నిలిచాడు. లెక్క చెప్పినవాళ్ళను దాటిస్తాడు, తప్పినవాళ్ళను తింటాడు.

“ఏడు ఎనిమిదులెంత?” అన్నాడు.

“యాభై నాలుగు,” అంది ముత్యాలి. తప్పు చెప్పానని వాడి మొహం చూడగానే తెలిసింది.

పరుగెత్తే ఓపిక ఆమెలో లేదు. ఇసుకలో కూలబడి, తినేలోగా ఆ లెక్క ఎలాగో చూపించమంది. తెలియకుండా పోవడం మనసుకు కష్టంగా ఉందంది. మూడు వందల ఏళ్ళలో వాణ్ణి అలా అడిగినవాళ్ళు లేరు. గొణుక్కుంటూనే గులకరాళ్ళు ఏరి, వరుసకు ఎనిమిది చొప్పున ఏడు వరుసలు పేర్చాడు. ఆమె రెండుసార్లు తడబడి, మూడోసారి యాభై ఆరు లెక్కపెట్టింది.

రాక్షసుడు తల పట్టుకున్నాడు. “ఎంత పని చేశావే పిల్లా. మేం చదువు నేర్పిన పిల్లను మేం తినకూడదు. పొద్దుటి నుంచీ పస్తున్నాను.”

ఆమె మూటలోని జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చింది. వాడు దాన్ని ఒక్క ముద్దలో మింగి, ఆమెను భుజాన ఎక్కించుకుని ఏరు దాటించాడు.

నల్లకొండ గుహలో యక్షిణి అద్దాలు తుడుస్తూ కనిపించింది. మందో మంత్రమో ఇమ్మని ముత్యాలి కాళ్ళ మీద పడింది. యక్షిణి ఆమెను లేవనెత్తి, ఆడే బిడ్డ పక్కన ఒక మనిషి కూర్చోవాలని రాజుకు ఆనాడే చెప్పానంది. ఒంటరిగా ఆడితే ఆ బిడ్డకు అద్దమే లోకమైపోతుందట.

“పగలగొడితే?” అంది ముత్యాలి.

“నీ తమ్ముడూ పగులుతాడు. వెళ్ళి పక్కన కూర్చుని వాడితో లెక్క చెయ్యి. వాడు నీ వైపు తిరిగితే బతుకుతాడు.”

“నాకు లెక్కలు రావమ్మా.”

“నాకు ఇంకో దారి తెలియదు తల్లీ,” అంది యక్షిణి.

వట్టి చేతులతో, దారంతా ఏడుస్తూ ముత్యాలి ఇల్లు చేరింది. అప్పటికి గాజు రొమ్ము అంచుకు పాకింది. బసవన్న చేతిలో గిన్నె నిండుగానే ఉంది. సూరన్న మింగడం మానేసి ఒక పూట గడిచింది.

ఆమె తమ్ముణ్ణి ఆనుకుని కూర్చుంది. అద్దంలో దుప్పి వాగు ఒడ్డున నిలబడి ఉంది. తొంభై ఆరు పళ్ళు ఎనిమిది మందికి సమంగా పంచాలి. పది అంది, దుప్పి నీళ్ళలో పడింది. పద్నాలుగు అంది, మళ్ళీ పడింది. గాజు వేలెడు మేర పైకి జరిగింది. బసవన్న మొహం తిప్పుకున్నాడు.

ముత్యాలి కళ్ళు తుడుచుకుని, నేల మీద బొగ్గుతో ఎనిమిది గుండ్రాలు గీసింది. ఒక్కో పండుకు ఒక్కో చుక్క పెడుతూ పైకి లెక్కపెట్టసాగింది. నలభై దాటాక తొందరలో ఒక గుండ్రం వదిలేసింది. ఆమె చూసుకోలేదు.

“అలా కాదక్కా.”

బొంగురుగా, సన్నగా వినబడింది. సూరన్న అద్దం వైపు చూడడం లేదు. “ఆరోవాడికి పెట్టలేదు నువ్వు,” అన్నాడు విసుగ్గా.

ఇద్దరూ కలిసి చుక్కలు పూర్తిచేశారు. తలా పన్నెండు వచ్చాయి. దుప్పి వాగు దూకింది. అవతల మరో వాగు లేదు, పచ్చిక ఉంది. గాజు కరిగిపోతుంటే కాళ్ళు తిమ్మిరెక్కాయని సూరన్న గోల పెట్టాడు. ఆ గోల వింటూ బసవన్న గుమ్మంలో కూలబడ్డాడు.

ఆ రోజే ఊళ్ళో మగ్గాలు, నాగళ్ళు ఆగాయి. పెద్దలు పిల్లల పక్కన చేరారు. మంత్రుల మీదే లెక్కలన్నీ వదిలేసిన రాజు, కూతురి పక్కన నేల మీద కూర్చుని ఎక్కాలన్నీ తప్పు చెప్పాడు. మూడు వారాలకు చివరి బిడ్డ కూడా మాట్లాడింది. ఇద్దరికి మాత్రం కాలి చిటికెన వేలు గాజుగానే ఉండిపోయింది.

రాజు ముత్యాలికి రాజ్యంలోని పిల్లల చదువు మీద అధికారం ఇచ్చాడు. ఆమె అద్దాలను పారేయించలేదు. ఇద్దరు కూర్చోనిదే ఏ అద్దమూ ముట్టకూడదని చాటించింది. పెద్దయ్యాక కూడా తొమ్మిదో ఎక్కం దగ్గర ఆమె తడబడుతూనే ఉండేది. అప్పుడు బడిలోని పిల్లలంతా అద్దాలు వదిలేసి, ఒక్కసారిగా ఆమె వైపు తిరిగేవారు.