ఆ స్క్రూ తిప్పిందెవరు?

“ఎవరు? ముందు ఆ మనిషెవరో చెప్పండి. గ్రామఫోన్ స్ప్రింగులో తలనూనె పోసిన మహానుభావుడెవరు?”

“నేను కాదండీ.”

“స్పీడు అదుపులో పెట్టే గవర్నర్ గుండుకి కుట్టుదారం చుట్టింది?”

“నేను కాదండీ.”

“ఈ తోలుముక్క పీకేసి బనీను గుడ్డ దోపింది?”

“అది... మా పెదనాన్న అయ్యుండొచ్చండీ.”

“ఆయన్ని ఒకసారి తీసుకురండి. కళ్ళారా చూస్తాను.”

అతను మెడకి చుట్టుకున్న మఫ్లర్‌ని ఇంకాస్త బిగించుకున్నాడు. బయట ఎండకి రోడ్డు మీద తారు కరుగుతోంది. ఈ మనిషేమో మఫ్లర్‌తో వచ్చాడు. మొదటి చూపులోనే ప్రేమ పుట్టిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదటి చూపులో నాకు పుట్టింది ఒళ్ళుమంట.

నా షాపు చిన్నది. గోడగడియారాలు, కీ ఇస్తే నడిచే బొమ్మలు, గ్రామఫోన్లు, స్ప్రింగుతో తిరిగేది ఏదైనా బాగుచేస్తాను. నాకెవరూ నేర్పలేదు. విప్పాను, పాడుచేశాను, తిట్లు తిన్నాను, నేర్చుకున్నాను. అందుకే తెలియకుండా వేలు పెట్టేవాళ్ళని చూస్తే నా నోరు ఆగదు. కరెంటు కూడా అడగని యంత్రం అది. అప్పుడప్పుడు విప్పి తుడిచి నల్ల గ్రీజు రాయమంటుంది. పాట అయ్యాక స్ప్రింగుని బిగించి వదిలేయొద్దంటుంది. ఆ మాత్రం చెయ్యరు. చెయ్యకపోగా తలనూనె!

“ఎప్పటికి అవుతుందండీ?” అన్నాడు మఫ్లర్.

“ఏం, పెళ్ళేమైనా ఉందా?”

“పరీక్ష ఉంది.”

అప్పుడు చెప్పాడు. వాళ్ళ తాత గొప్ప గాయకుడు. సంగీతం బడి పెట్టాడు. జీవితం మొత్తంలో ఒకే ఒక్క పాట రికార్డుకి పాడాడు. ఆ రికార్డు తిరుగుతుండగా, అదే శ్రుతిలో, తాత గొంతుతో గొంతు కలిపి చివరిదాకా పాడగలిగినవాళ్ళే ఆ బడికి గురువు. అది ఇంటి రూలు. పెదనాన్న రెండుసార్లు ప్రయత్నించి దండం పెట్టేశారు. నాన్న వదల్లేదు. పైస్థాయి అందుకోవాలని ఏళ్ళ తరబడి అరిచారు. ఆ అరుపుల్లోనే గొంతు శాశ్వతంగా బొంగురుపోయింది. బడి నడుపుతున్నారు గానీ పాడరు. తాళం వేసి, కసిరి, పాఠం చెబుతారు. ఇప్పుడు వంతు కొడుకుది.

“మీకూ అందకపోతే?”

“బడి మూసేస్తానంటున్నారు. అర్హత లేని వంశం ఇంకెందుకు నడపాలట.”

“ఏదీ, పాడండి చూద్దాం.”

పాడాడు. మొహం కందిపోయింది. మెడ మీద నరాలు తాళ్ళలా లేచాయి. పైకి వెళ్ళేసరికి గొంతు చీలి దగ్గొచ్చింది.

“పాట పాడుతున్నారా, ఆగిపోయిన లారీని తోస్తున్నారా?”

కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. దగ్గుతూ నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. బాగుండటం నాకస్సలు నచ్చలేదు.

మర్నాటి నుంచి రోజూ ప్రత్యక్షం.

“అయ్యాక కబురు చేస్తానన్నానా?”

“ఇటు వెళ్తూ వచ్చానండీ.”

“ఇటు వెళ్ళడానికి దారి లేదు. మా షాపు దగ్గరే వీధి ఆగిపోతుంది.”

“అందుకే నేనూ ఆగాను.”

అలాంటి జవాబులు చెప్పేవాణ్ణి ఊరికే కూర్చోబెట్టకూడదు. స్ప్రింగు డబ్బా విప్పే రోజున, దాన్ని పట్టుకోమని తువ్వాలు చేతికిచ్చాను. గ్రీజు ఎండి బంకలా పట్టేసింది. చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, ఊడినప్పుడల్లా లోపల దబ్బుమని గుద్దుతోంది.

“గట్టిగా పట్టుకోండి. వదిలారో, మొహం చీరేస్తుంది.”

“ఎవరి మొహం?”

“ముందు మీది. నాది నేను చూసుకుంటాను.”

కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. చుట్టు తర్వాత చుట్టు బయటికి లాగుతుంటే వాన మొదలైంది. రేకు మీద వాన చప్పుడు, గదినిండా కిరసనాయిలు వాసన. పని అయ్యాక కళ్ళు తెరిచి, నా బుగ్గ మీద గ్రీజు ఉందన్నాడు. ఎక్కడా అంటే చూపించబోయి, తన వేలిది కూడా అంటించాడు.

“నీకసలు బుద్ధుందా!” అన్నాను. ‘మీరు’ ఆ వానలోనే కొట్టుకుపోయింది. మళ్ళీ దొరకలేదు.

కొత్త గ్రీజు పెట్టి, తోలుముక్క మార్చి, గవర్నర్‌కి బొట్టు నూనె వేశాను. పళ్ళెం అంచుకి తెల్లకాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్భై ఎనిమిది తిరగాల్సింది, ఇంచుమించు తొంభై తిరుగుతోంది. స్పీడు స్క్రూని ఎవరో చివరంటా తిప్పేశారు. డెబ్భై ఎనిమిదికి దించి రికార్డు పెట్టాను.

“ఇది తాత కాదు,” అన్నాడు మఫ్లర్. “ఎవరో లావుపాటాయన.”

“ఇదే తాత. మీ ఇంట్లో ఇంతకాలం విన్నది, వెనక కుక్క తరుముతుంటే పరిగెత్తే తాతని.”

నమ్మలేదు. కానీ పెదవులు వాటంతటవే కదిలాయి. తాతతో పాటు గొణిగాడు, తర్వాత పాడాడు. పైస్థాయి వచ్చింది. మెడ మీద ఒక్క నరం లేవలేదు. పాట మధ్యలోనే మఫ్లర్ విప్పి నా బల్ల మీద పడేశాడు.

సంతోషం ఎంతసేపు? రికార్డు ఆగగానే మొహం వేలాడేశాడు. “నాన్న నమ్మరు. నా కోసం నువ్వే దించావంటారు.”

“నీ కోసమా? నువ్వెవరు నాకు?”

“ఎవరూ కాదు కదా,” అన్నాడు, నా కళ్ళలోకి చూస్తూ.

చేతిలో స్క్రూడ్రైవర్ జారి పడింది. పిడికి నూనె అంటింది, అందుకే.

గ్రామఫోన్ మోసుకుని వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళాను. నా పనికి నేనే సాక్షి. హాలు పక్క గదిలో పిల్లలు అదే పాట సాధన చేస్తున్నారు. సాధన కాదు, గీపెట్టడం. మాస్టారు, అంటే వాళ్ళ నాన్న, సన్నగా, నిటారుగా కూర్చున్నారు. మాట్లాడితే గరుకు కాగితం రుద్దినట్టుంది. నేను రికార్డు పెడితే, పాట సగంలో ఉండగానే సూది ఎత్తేశారు.

“మా నాన్నని కిందికి దించడానికి నువ్వెవరమ్మా?”

“నేను దించలేదండీ. మీరు ఎక్కించారు.”

“మావాడికి అందడం లేదని సులువు చేసి తెచ్చావు. వాడు రోజూ మీ షాపుకి దేనికొస్తున్నాడో నాకు తెలియదనుకున్నావా?”

నన్నేమైనా అనండి, పడతాను. నా పనిని అంటే పడను.

“ప్రేమ కోసం స్క్రూలు తిప్పే మనిషిని కాదు నేను!”



“ప్రేమా?” అన్నారు పెదనాన్న, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

“మీరుండండి పెదనాన్నగారూ. మీ బనీను గుడ్డ సంగతి తర్వాత.”

“మునుపు ఎలా ఉందో అలా పెట్టి వెళ్ళు,” అన్నారు మాస్టారు.

“పెట్టను.”

“నాన్నా,” అన్నాడు మఫ్లర్. ఎప్పుడు లోపలికి వెళ్ళాడో, ఒక పాత హార్మోనియం మోసుకొచ్చాడు. తాతది. ఆయన పోయాక దానికి దండం పెట్టారు గానీ ఎవరూ ముట్టుకోలేదు. భక్తి అంటే అంతేగా, మూతపెట్టి ఉంచడం. “రికార్డులో పాటకి ముందు శ్రుతి వినిపిస్తుంది. అది ఈ పెట్టెదే కదా?”

“అవును.”

“గ్రామఫోన్‌ని ఎవరైనా తిప్పొచ్చు. దీన్ని తిప్పలేరు.”

మూత తీశాడు. మెట్లన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం వేలి ఆకారంలో అరిగి గుంటపడింది. దాన్ని నొక్కి పట్టుకున్నాడు. నేను సూది మొదటికి పెట్టాను.

కలవలేదు.

రికార్డు ఇంకా పైనే ఉంది. “చూశావా, నీ లెక్కా తప్పే,” అన్నారు మాస్టారు. ఆ గొంతులో గెలుపు లేదు. భయం ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. నా లెక్క తప్పు కావాలి ఆయనకి. లేకపోతే ఆయన గొంతు దేనికి పోయినట్టు?

నిజమే మరి. ఆ రోజు రికార్డు చేసినవాళ్ళ యంత్రం ఏ స్పీడులో తిరిగిందో నేను చూశానా? అందరూ చెప్పే లెక్కే నేనూ పెట్టాను.

“నాదీ తప్పే,” అన్నాను. మేకు మింగినట్టుంది. “లెక్క వదిలేద్దాం. నువ్వు ఆ మెట్టు వదలకు. నేను తిప్పుతాను.”

మళ్ళీ మళ్ళీ సూది మొదటికి పెట్టాను.

“ఇంకా కిందికి,” అన్నాడు మెట్టు వదలకుండా.

“ఇంత చాలా?”

“ఇంకొంచెం. అబ్బా, ఎక్కువైంది. వెనక్కి.”

“వెంట్రుకవాసి తిప్పాను!”

“అందులో సగం తిప్పు.”

“నీ చెవులకో దండం!”

“ఆగు. అక్కడే. చెయ్యి తీసెయ్.”

తీశాను. రెండు శ్రుతులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏది పెట్టెదో, ఏది రికార్డుదో తెలియలేదు. ఆ శ్రుతి మీద తాత పాట ఎత్తుకున్నాడు, తీరుబడిగా, తన ఇంట్లో తను కూర్చుని పాడుకుంటున్నట్టు.

“పాట చివర్లో సాగిపోయేదిరా తమ్ముడూ,” అన్నారు పెదనాన్న నేల చూస్తూ. “నాన్న ఏడుస్తున్నట్టుండేది. వినలేక స్క్రూ తిప్పాను. మొదట్లో శ్రుతి ఎంత పైకి పోతుందో ఆలోచించలేదు.”

“గ్రీజు ఎండితే సాగుతుంది! తుడిస్తే పోతుంది!” నేను అరిచాను. “ఒక్క డబ్బా గ్రీజు బద్ధకానికి ఒక మనిషి గొంతా?”

అన్నాక నాలుక కరుచుకున్నాను.

మాస్టారు ఆ పళ్ళెం వంక చూశారు. తర్వాత లేచి, హ్యాండిల్ తనే తిప్పారు. సూది తనే పెట్టారు. కళ్ళు మూసుకుని నోరు విప్పారు. గరుకుగా, పగుళ్ళతో వచ్చింది పాట. కానీ పైస్థాయి దగ్గర ఆగలేదు. వెళ్ళి అక్కడ నిలబడింది. పెదనాన్న కండువాలో మొహం దాచుకున్నారు.

“గుడ్లప్పగించి చూస్తావేంరా, గాడిదా? చరణం నీది,” అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

కొడుకు అందుకున్నాడు. చివరిదాకా పాడాడు. నాకు కన్నీళ్ళు రావు. కిరసనాయిలు పడితే వస్తాయి. ఆ హాల్లో కిరసనాయిలు లేదు.

పాట అయ్యాక మాస్టారు ముక్కు చీది, నా వైపు తల ఊపి కొడుకుని అడిగారు. “ఈ అమ్మాయి నీకేమవుతుందిరా?”

వాడు కాళ్ళ వేళ్ళు చూసుకున్నాడు. “మెకానిక్, నాన్నా.”

“మెకానిక్కా?” అన్నాను. “అంత పాట పాడావు, ఆ ఒక్క మాటకి గొంతు పెగల్లేదా? అందరూ వినండి. మాస్టారూ, ముందు మీరు లేచి పక్క గదిలో పిల్లల్ని ఆపండి. రేపు కాదు, ఇప్పుడు. శ్రుతి దించమనండి. ఈ ఇంట్లో ఇంకొక్క గొంతు చిరగడానికి వీల్లేదు. పెదనాన్నగారూ, ఆ గ్రామఫోన్ మీంచి చెయ్యి తీయండి. తీయండంటున్నానా! ఇక నువ్వు. మీ నాన్న ఆ గుమ్మం దాటేలోపు నేను నీకేమవుతానో చెప్పు. గొణిగితే ఒప్పుకోను. పిల్లలందరికీ వినపడేలా చెప్పు.”