బెల్లం లేని బొబ్బట్లు

"నా బొబ్బట్లు ఎవరో మార్చేశారమ్మా!" అంటూ నాగరత్నం ఆంటీ స్టీలు డబ్బా గుండెలకు హత్తుకుని వచ్చేసరికి మహీధర్ ఇంకా లుంగీలోనే ఉన్నాడు. ఐర్లండ్‌లోని నేస్ ఊళ్ళో అతని భార్య సత్యవాణి ప్రైవేటు డిటెక్టివ్. దొంగలను పట్టుకోవడం ఆమె పని. కారు నడపడం, ఆశ్చర్యపోవడం అతని పని. రెండోది అతను మహా శ్రద్ధగా చేసేవాడు.

అత్లోన్‌లో కేఫ్ నడిపే రాబర్ట్ తన మెనూలో ఒక తెలుగు వంటకం పెట్టాలనుకున్నాడు. అది ఎంచుకోవడానికి నిన్న కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళ వంటలు రుచి చూస్తూ, తేజేశ్వర్ అనే కుర్రాడు చేసిన చెక్కలు తిని బాగున్నాయన్నాడు. ఆంటీ బొబ్బట్టు కొరికి, ఇందులో తీపి ఎక్కడుందని అడిగాడు.

"బెల్లం వెయ్యడం కూడా మర్చిపోయానని వాట్సాప్ గ్రూపంతా నవ్వుతున్నారమ్మా. నా చేతికున్న పేరు కాస్తా పోయింది. ఇక జన్మలో పెనం ముట్టను" అని ఆంటీ కళ్ళొత్తుకుంది.

"మిగతావాళ్ళెవరూ తినలేదా?" అని అడిగింది సత్యవాణి.

"ఆయన మొహం చూశాక ఎవరు ముడతారు? ఆయన కొరికింది కూడా ఇందులోనే ఉంది."

సత్యవాణి ఆ కొరికిన బొబ్బట్టును భర్త చేతిలో పెట్టింది. మహీధర్ దేవుణ్ణి తలుచుకుని అవతలి అంచు తుంచుకున్నాడు.

"అమ్మో! బెల్లం గడ్డే!"

"అయితే మారింది బొబ్బట్టు కాదు. పద, అత్లోన్ వెళ్దాం."

కేఫ్‌లో రాబర్ట్ చాలా నొచ్చుకుంటూ మాట్లాడాడు. నిన్న హాల్లో చక్కెర కూడా పాడైందట, మూడు చెంచాలు వేసినా టీ చప్పగానే ఉందట. అంతకుముందు ఏదో ఆకుపచ్చ టీ తాగానని, అది గ్రాండ్‌గా ఉందని నేల చూస్తూ చెప్పాడు.

"నేను నా చెక్కలు తప్ప ఏదీ ముట్టలేదండీ" అన్నాడు కేఫ్‌కి చెక్కలు ఇవ్వడానికి వచ్చిన తేజేశ్వర్, ఎవరూ అడగకుండానే.

డబ్బా వదలని ఆంటీతో పాటు కారులో వచ్చిన ఆమె భర్త రాజగోపాల్ అంకుల్ మూల కూర్చుని ఫ్లాస్కులోంచి ఏదో చప్పరిస్తున్నాడు.

"అంకుల్, ఇంట్లో ఆంటీ వంట ఎలా ఉంటోంది?"

"ఏం చెప్పనమ్మా, ఈమధ్య దేన్లోనూ తీపి చాలట్లేదు. చెప్తే ఇంకాస్త వేస్తుంది. అయినా అంతే."

సత్యవాణి నవ్వు ఆపుకుని అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఫ్లాస్కు తీసుకుని మహీధర్‌కి ఓ కప్పు పోసింది. పెళ్ళినాటి ప్రమాణాలు గుర్తొచ్చి అతను తాగేశాడు. కటిక చేదు. ఆమె వెంటనే చెంచాడు పంచదార అతని నోట్లో పోసింది.

"ఇసుక!" అని అరిచాడు మహీధర్. ఆపైన చెక్క నమిలి, "ఇది మాత్రం ఉప్పూ కారం సరిపోయాయి" అన్నాడు.

"ఇది పొడపత్రి కషాయం" అంది సత్యవాణి. "మన పాత వైద్యులు దీన్ని మధునాశిని అన్నది ఊరికే కాదు. ఈ ఆకులోని పదార్థం నాలుక మీద తీపిని పసిగట్టే చోట్ల అతుక్కుంటుంది. కాసేపు తీపి ఒక్కటే తెలియదు, మిగతా రుచులు మామూలే. అందుకే చెక్కలు గెలిచాయి, బొబ్బట్టు ఓడింది. ఈ పని చేసింది..."

రాజగోపాల్ అంకుల్ మెల్లగా లేచాడు. "నాకు షుగరు కదా, తిండికి ముందు ఇది పడాలి. పాపం, ఆయన ఉత్తచేతులతో నిలబడ్డాడు. నేనొక్కణ్ణే తాగితే ఏం మర్యాదని ఓ కప్పు పోశాను. గ్రాండ్ అన్నాడు. అంత నచ్చిందా అని ఇంకోటి పోశాను."

రాబర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. తన జన్మలో అంత ఘోరమైనది తాగలేదనీ, పెద్దాయన మనసు నొప్పించలేక అడుగంటా తాగాననీ ఒప్పుకున్నాడు.

"అంటే మీ నాలుక మీరే చంపుకుని, నా చేత పుట్టెడు బెల్లం పోయించారా?" అంటూ ఆంటీ మొగుడి మీద విరుచుకుపడబోయి ఆగిపోయింది. రాబర్ట్ అప్పటికే డబ్బాలోంచి ఒక బొబ్బట్టు తీసుకున్నాడు.

కొరికాడు. నమిలాడు.

"గ్రాండ్" అన్నాడు.

అందరి మొహాలూ వాడిపోయాయి. కషాయానికీ ఆ మాటే అన్నాడు మరి. మహీధర్ భార్య వైపు చూశాడు. ఆమె మాత్రం రాబర్ట్ చేతినే చూస్తోంది. ఆ చెయ్యి, ఎవరూ పెట్టకుండానే, డబ్బాలోని రెండో బొబ్బట్టు మీదికి వెళ్ళింది.

ఆంటీ కళ్ళు తుడుచుకుని కొంగు బొడ్లో దోపుకుంది.

"ఇక్కడ పెనం ఎక్కడుందో కనుక్కోమ్మా."