తప్పుడు అడ్రస్‌కు వచ్చిన జవాబు

రహస్య కబుర్లు మోసే కొరియర్ గుమ్మంలోనే చచ్చిపడి ఉన్నాడు. రెండు తూటాలు. ఈ నెలలో ఇది మూడో శవం.

"ముగ్గురూ మనవి కాని ఇళ్లకు వెళ్లి చచ్చారు," అన్నాడు చీఫ్. "ఏ ఇంట్లో దాక్కోవాలో చెప్పేది మన సర్వర్. దాన్ని హెడ్డాఫీసులో పదిసార్లు పరీక్షించాం. శుభ్రంగా ఉంది. నాలుగోవాడు పదకొండింటికి అడుగుతాడు."

"ఎవరు సార్?"

"మీ బావ."

ఏజెంట్ ముంగిస గడియారం చూశాడు. బావను శత్రువులు తరుముతున్నారు. అతని దగ్గర లాప్‌టాప్ తప్ప ఫోన్ ఉండదు, అది రూలు. జవాబు రాకపోతే నడివీధిలో దొరికిపోతాడు. అక్కకు ఇప్పుడు ఏడో నెల.

పదింబావుకు ముంగిస ప్రింటర్ మెకానిక్ వేషంలో ఫీల్డ్ ఆఫీసు మెట్లెక్కాడు.

"రెండో పేజీ వెలిసిపోతోందా?"

"మూడోది కూడా," అని కోడ్ పూర్తిచేసింది నెమలి. కొరియర్ల లాప్‌టాప్‌లు సిద్ధంచేసే ఇంజనీరు. ఆమె నడిచొస్తుంటే ఆఫీసులో సగంమంది ఫైళ్లు తలకిందులుగా పట్టుకుంటారు. "పని చూసుకోండి, కాఫీ తెస్తాను," అని వెళ్లింది.

సర్వర్ లోపల నడిచే ప్రోగ్రామ్‌కు అడ్రస్ అక్కర్లేదు, ఇంట్లోవాళ్లకు వంటగది దారి చెప్పనక్కర్లేనట్టే. బయట విడిగా నడిచే క్లయింట్‌కు మాత్రం ఏ సర్వర్‌ను అడగాలో జేఎన్‌డీఐ ప్రాపర్టీస్ అనే ఫైలులో రాసివ్వాలి. హెడ్డాఫీసు మహానుభావులు లోపలే కూర్చుని పరీక్షించి చేతులు దులుపుకున్నారు. కొరియర్ల లాప్‌టాప్‌లు ప్రోగ్రామ్‌నూ ఆ ఫైలునూ ఈ గదిలోని డిస్క్ నుంచే చదువుకుంటాయి.

ముంగిస ఫైలు తెరిచాడు. అడ్రస్ సరిగ్గానే ఉంది. అయినా మనసొప్పలేదు. దాన్ని చెరిపి, లోకంలో లేని అడ్రస్ కొట్టి, దాక్కునే ఇంటికి పెట్టిన 'సేఫ్‌హౌస్' అన్న పేరు వెతికించాడు. ఎర్రర్ రావాలి.

ఠక్కున జవాబు వచ్చింది.

ముంగిస కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అంటే ఈ ఫైలులోని అడ్రస్ ఎవరికీ పట్టడం లేదు! ప్రోగ్రామ్ ఫైళ్లను వెతికే వరుసను, క్లాస్‌పాత్‌ను, పైనుంచి చూశాడు. అన్నిటికన్నా ముందు 'ఫాంట్స్' అనే జార్, అంటే ఫైళ్ల మూట, ఉంది. దాని పొట్టలో ఇంకో జేఎన్‌డీఐ ప్రాపర్టీస్. అదే పేరు, వేరే అడ్రస్. ముందు దొరికిందే చెల్లుతుంది. పాపం, ముగ్గురూ శత్రువు సర్వర్‌నే దారి అడిగారు.

పదీ యాభై ఎనిమిది. జార్ తీసేసి మళ్లీ వెతికించాడు. ఎర్రర్! అంటే ఇప్పుడు తను మార్చిన ఫైలునే చదువుతోంది. అంత అందమైన ఎర్రర్‌ను అతను జన్మలో చూడలేదు. గబగబా అసలు అడ్రస్ కొట్టసాగాడు.

"చేతులు పైకెత్తు."

నెమలి. చేతిలో కాఫీ లేదు. లిప్‌స్టిక్ గొట్టం ఉంది. అది ఒకే తూటా పట్టే పిస్తోలని ముంగిసకు తెలుసు.

"ముగ్గురికీ నువ్వే లాప్‌టాప్ ఇచ్చి, జాగ్రత్తగా వెళ్లిరండి అన్నావు," అన్నాడు వేళ్లు ఆపకుండా.

"మీ బావకీ అన్నాను. లే."

ముంగిస లేవలేదు. చివరి నాలుగంకెలూ కొట్టాడు. తూటా ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. సేవ్ నొక్కాడు. ఆ తర్వాతే పక్కనున్న టోనర్ డబ్బా ఎత్తి ఆమె ముఖాన కొట్టి పడగొట్టాడు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

సాయంత్రం ఆస్పత్రిలో చీఫ్ మంచం పక్కన నిలబడ్డాడు. "మీ బావ మన ఇంటికే చేరాడు. ఆ ముగ్గురి ఇళ్లకూ కబురు నేనే మోసుకెళ్లాలి." భుజం కట్టు వైపు చూశాడు. "పిస్తోలు చూసి కూడా కీబోర్డు వదల్లేదేమయ్యా?"

"అప్పటికింకా సేవ్ కొట్టలేదు సార్," అన్నాడు ముంగిస.