కుడివైపు మీటలు

ఒక్క ప్రశ్న అడుగుతాను, దాటెయ్యకుండా జవాబు చెప్పండి. మీరు ప్రాణంగా చూసుకునే మనిషి చాలాకాలం తర్వాత మనసారా నవ్వుతుంటే, ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో ఆరా తీస్తారా, నోరు మూసుకుంటారా?

నేను నోరు మూసుకున్నాను. జీవితంలో ఏ విషయంలోనూ మూసుకోనిదాన్ని, అక్కడ మూసుకున్నాను.

మా నాన్న హార్ట్‌విగ్, మా ఊరు ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఒక చర్చిలో ఇరవై తొమ్మిదేళ్ళు ఆర్గన్ వాయించాడు. పోయిన వసంతంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు, నడక పోలేదు, ఆ ఒక్క చెయ్యే. దాంతో మనిషి కుర్చీకి అతుక్కుపోయాడు. రేడియోలో పాట వస్తే లేచి కట్టేసేవాడు. ఎడమచెయ్యి ఉందిగా, ఇంట్లోకి ఒక పియానో తెచ్చుకుందాం అని పట్టుబట్టింది నేనే. ఒంటి చేత్తో వాయించడమంటే సగం గడ్డం గీసుకుని పెళ్ళికెళ్ళడమే అన్నాడాయన. మొత్తం గీసుకున్నప్పుడు మాత్రం ఏ పెళ్ళికెళ్ళావులే అన్నాను. కీల్ నగరంలో చదువుకుంటూ సెలవులకొచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. చివరికి నవంబరులో ఒక గురువారం, "నీ నోటికో దణ్ణం లాయరమ్మా, పద" అన్నాడు.

కెటెల్సన్ గారి దుకాణం రేవు వెనక సందులో ఉంది. ముందుగదిలో కొత్త పియానోలు, వెనక పొడుగాటి హాల్లో పాతవి, నలభై దాకా. కెటెల్సన్ గారికి ఎనభై దాటాయి, ఒక చెవి పనిచెయ్యదు. మమ్మల్ని వెనక హాల్లో వదిలి, తొందరేం లేదు, తీరిగ్గా చూసుకోండని వెళ్ళిపోయాడు.

పియానోల్లో వేసే ఊలు ఫెల్టు వాసన, ఎండిన జిగురు వాసన, వాటి అడుగున ఎక్కడో తడి మట్టి వాసన. నాన్న ఒక్కోదాని మూత ఎత్తి, ఒకటి రెండు మీటలు నొక్కి, పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా పెదవి విరుస్తున్నాడు. ఒకదానికి గొంతు కీచట. ఇంకోదానికి పళ్ళు తెల్లగా ఉన్నాయి కానీ మనసు లేదట. నాకు నవ్వొస్తోంది. ఆయన నన్ను ఆటపట్టించి ఎన్ని నెలలైందో.

హాలు చివర, గోడవారన, బెల్లం రంగు చిన్న పియానో ఉంది. నాన్న దాని ముందు ఆగి మీటల మీద చూపుడువేలు నెమ్మదిగా నడిపించాడు. ఎడమ సగం మీటలు గుంటలు పడేలా అరిగిపోయాయి. కుడి సగం నిన్న చేసినట్టున్నాయి.

"ఎవరో నాలాంటివాడిదే," అన్నాడు మెల్లగా. బల్లలాంటి పొడుగు స్టూలు లాక్కుని కూచున్నాడు. వెంటనే వాయించలేదు. కళ్ళు మూసుకుని ఉండిపోయాడు. ఆ నిశ్శబ్దం పాడుచెయ్యడం ఇష్టంలేక నేనూ కదల్లేదు.

అప్పుడు దూరంగా తలుపు జరిగింది. తాళం తిరిగింది. దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

ఒంటిగంట. మా ఊళ్ళో చిన్న దుకాణాలవాళ్ళు ఒంటిగంటకు మూసి, ఇంటికెళ్ళి తిని, మూడింటికి తెరుస్తారు. మా చప్పుడు లేదు కాబట్టి వెళ్ళిపోయామనుకున్నాడు కెటెల్సన్ గారు. నేను పరుగెత్తి తలుపు బాదాను. అప్పటికే వీధి తలుపు కూడా పడింది. నా ఫోను కార్లో ఉంది. నాన్నకి ఫోనంటేనే గిట్టదు.

గట్టిగా కేకేశాను.

నలభై పియానోలూ తిరిగి పలికాయి. భయపడాల్సిందేం లేదు, పియానోలో పై స్వరాల తీగలకి మోత ఆపే ఫెల్టు ఉండదు, దగ్గర్లో అరిస్తే అవి గుయ్యిమంటాయి. చిన్నప్పుడు నాన్నే చూపించాడు. తెలిసినా సరే... నా గొంతే చీకట్లోంచి సన్నగా నా దగ్గరికి రావడం బాగాలేదు. మళ్ళీ అరవలేదు.

పెరటివైపు ఊచల కిటికీ ఒకటుంది. అందులోంచి పొగమంచు వెలుగు బూడిదలా లోపలికొస్తోంది. రెండు గంటలే కదా అనుకున్నాను.

నాన్న వాయించడం మొదలెట్టాడు.

నా చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి ఆయనే కట్టిన పాట అది. ఎడమచేతివంతు మాత్రమే వస్తోంది, అడుగులు వినిపిస్తూ మనిషి కనిపించనట్టు. ఊచలకి నుదురానించి వింటున్నాను.

కాసేపటికి పాట నిండింది. కుడిచేతివంతు... అసలు పాట... వచ్చి కలిసింది.

వెనక్కి తిరిగాను. నాన్న కుడిచెయ్యి కోటు జేబులో పెట్టినచోటే ఉంది. కుడివైపు మీటలు కిందికి దిగుతున్నాయి. లేస్తున్నాయి. వాటి మీద ఏమీ లేదు.

"నాన్నా."

"ష్... మాట్లాడకు. వస్తోంది."

"చెయ్యి తియ్యి నాన్నా. లే."

"తియ్యాలని లేదు వీబ్కె."

ఆ ముఖం మీకెలా చెప్పను? పక్షవాతానికి ముందు ఈస్టర్ ఉదయాన ఆర్గన్ దగ్గర ఉండే ముఖం. ఆయన భుజం పట్టి లాగాను. గోడని లాగినట్టుంది. ఎడమ మణికట్టు పట్టుకున్నాను. మంచుగడ్డ. వేళ్ళు మాత్రం చకచకా ఆడుతూనే ఉన్నాయి.

"నాన్నా, తియ్యి."

ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. "తియ్యడం... రావట్లేదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఊచల్ని నా బూటుతో బాదాను. ఎదురుగా పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. తలకి రోలర్లు చుట్టుకున్న పెద్దావిడ తొంగి చూసింది. నా ప్రాణం లేచొచ్చింది. లోపల ఇరుక్కుపోయామని చెప్పబోయాను, ఆవిడ చెప్పనిస్తేగా. మధ్యాహ్నం విశ్రాంతి వేళ అని తెలియదా, బోర్డు చదవడం రాదా, మీ తరానికి సిగ్గన్నదే లేదని దులిపేసింది. ఆవిడకి నా భుజం మీదుగా హాలంతా కనిపిస్తోంది. చివర్లో ఇలా అంది:

"నువ్వు బాదడం ఆపు. ఆ స్టూలు మీదున్న ఇద్దరినీ వాయించడం ఆపమను."

కిటికీ మూసేసింది.

నేను వెనక్కి తిరగలేదు. మూడయ్యేదాకా ఊచలు పట్టుకుని పొగమంచునే చూస్తూ నిలబడ్డాను. వెనక పాట అయిపోయేది. మళ్ళీ మొదలయ్యేది. అయిపోయేది. మొదలయ్యేది...

తాళం తిరిగింది, దీపాలు వెలిగాయి, పాట ఆగింది. కెటెల్సన్ గారు తల బాదుకుంటూ క్షమాపణలు చెబుతుంటే నాన్న లేచి నిలబడి, ఇదే కావాలన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది నేను. వద్దు అని. అనబోయాను కూడా. అప్పుడు నాన్న జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసి, చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు.

ఎనిమిది నెలలుగా కదలని చెయ్యి.

మీరైతే వద్దనేవారా?

పియానో ఇంటికొచ్చింది. నాన్న పొద్దున్నే కాఫీ తాగకముందే దాని ముందు కూచునేవాడు. కుడిచేత్తో కప్పు పట్టుకున్నాడు. రొట్టె కోశాడు. నా ముక్కు పిండాడు. నేను ఆ చేతినే చూస్తూ మురిసిపోయాను. ఎడమచెయ్యి ఎప్పుడు వేలాడడం మొదలైందో చూడలేదు. డాక్టరుకి చూపించలేదా అంటారు. చూపించాను. నరాలు భేషుగ్గా ఉన్నాయన్నారు. ఆ వారంలోనే కుడిదీ మళ్ళీ పడిపోయింది.

ఇవాళ పొద్దున్న లేచేసరికి నాన్న పియానో ముందున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. మీటలన్నీ, ఈ చివర్నించి ఆ చివరిదాకా, వాటంతటవే ఆడుతున్నాయి. పాట ఇంత అందంగా ఎప్పుడూ లేదు.

నడుం పట్టి లాగుదామని పక్కన కూచున్నాను. అప్పట్నించి నాకు లేవడం రావట్లేదు.

ఫోను నా ఒళ్ళో ఉంది. మీకు పంపడానికి అందులోకే ఇదంతా చెబుతున్నాను. ఇందాక నలుగురికి ఫోన్ చేశాను. నేను అరుస్తూనే ఉన్నాను, అవతల ఒక్కరూ నాతో మాట్లాడలేదు. ఎవరు వాయిస్తున్నారు, ఎంత బాగుందో అని... వింటూ ఉండిపోయారు.

ఇప్పుడే నాన్న పెదాలు కదిలాయి.

"కొంచెం జరుగు తల్లీ," అంటున్నాడు.

స్టూలు చివరంచున ఉన్నాను నేను. ఆయన ఆ చివర. మా మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది. ఇంకా జరగమంటున్నాడు.

నా మాట వినిపిస్తోందా మీకు? పాట కాదు, మాట. వినిపిస్తే అక్కణ్ణించి లేవండి. ఇప్పుడే బయల్దేరండి. తలుపు పగలగొట్టండి, మమ్మల్నిద్దర్నీ దీని ముందు నుంచి లాగెయ్యండి. రండి.