పదమూడో రిసీవర్

మంగళవారం తెల్లారేసరికి కెర్కెనా దీవుల రేవులో హాఫెద్ శవం తేలింది. అతను చేపల కదలికలు తెలుసుకోడానికి సముద్రం అడుగున రిసీవర్లు బిగించే టెక్నీషియన్. నడుముకి కట్టుకున్న పలక మీద పెన్సిల్‌తో రాసిన మాట ఒక్కటే: "పన్నెండు కాదు, పదమూడు."

సాయంత్రం ఎదుటి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ నగరంలో గూఢచారి శాఖ కర్నల్ షల్లీ ఆ పలకని ఏజెంట్ నౌఫల్ ముందుకి తోశాడు.

"గురువారం పది గంటల ఫెర్రీలో జడ్జిగారు దీవికి వెళ్తున్నారు. విదేశీ ముఠా మీద సాక్ష్యాలన్నీ ఆయన దగ్గరే, దారిలోనే చంపేస్తారని నా అనుమానం. ఫెర్రీలో ఇంకో రెండొందల మంది ఉంటారు."

"ఆపేస్తే సరిపోదా, సార్?"

"ఏ ఆధారం చూపించి ఆపమంటావ్? నువ్వు హాఫెద్ బదులు కొత్త టెక్నీషియన్‌గా వెళ్ళు. అక్కడ చేపల మీద పరిశోధన చేసే డాక్టర్ యుస్రా ఉంటుంది. మన మనిషే. ఆ ముఠా మనిషి కూడా. ఎటువైపు ఎంతో నాకూ తెలీదు."

గురువారం ఎనిమిదింటికి అమ్మార్ బాబాయ్ పడవ రేవు దాటింది. పడవలో యుస్రా: నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు, సిగరెట్. నౌఫల్‌ని ఎగాదిగా చూసింది.

"రిసీవర్ చెవి ఎటు ఉండాలి?"

"పైకి. కింద సిమెంటు నింపిన టైరు, పైన గుర్తుకి తేలే బెండు."

"పర్లేదు, బాగానే బట్టీ పట్టావ్."

టేకు చేపల పొట్టలో పెట్టే ట్యాగ్‌లు నలభై, ఆమె కాళ్ళ దగ్గర డబ్బాలో ఉన్నాయి. ఒక్కో ట్యాగూ కాసేపటికోసారి తన నంబరుని శబ్దంగా పలుకుతుంది. దగ్గర్లోని రిసీవర్ విని నమోదు చేసుకుంటుంది. అయస్కాంతం అంటించి ఉన్నంతసేపూ మూగగా ఉంటుంది.

నౌఫల్ ఒక్కో బెండు దగ్గరా దిగాడు. పన్నెండు రిసీవర్లూ సరిగ్గానే ఉన్నాయి. పలక మీది పదమూడు గుర్తొచ్చింది. ఫెర్రీ నడిచే లోతైన కాలవలో మళ్ళీ దిగాడు. బెండు లేదు, నంబరు లేదు. నాచు మధ్య పదమూడోది నిటారుగా నిలబడి ఉంది. దాన్నుంచి ఒక వైరు కింద ఇనప పెట్టెలోకి పోతోంది. పెట్టె నిండా పేలుడు మందు. మూత చుట్టూ సన్నటి తీగ. ముట్టుకుంటే అంతే.

పైకొచ్చి ఆయాసపడుతూ చెప్పాడు. యుస్రా చేతిలో సిగరెట్ నీళ్ళలో పడింది.

"పోయిన వారం ముఠావాళ్ళు నన్నో ట్యాగ్ అడిగారు. ఫెర్రీ కింద అంటించి, వచ్చే పోయే వేళలు చూసుకుంటామన్నారు. ఇచ్చాను."

"అంటే ఆ నంబరు వినపడగానే..."

"పేలుతుంది."

"అదిగో వచ్చేస్తోంది!" అమ్మార్ బాబాయ్ అరిచాడు. ఫెర్రీ నాలుగు నిమిషాల దూరంలో ఉంది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. బాబాయ్ చొక్కా విప్పి ఊపాడు. కెప్టెన్ సంతోషంగా హారన్ కొట్టాడు.

"కాలవ తప్పితే ఇసకలో కూరుకుపోతుంది, వాడు తిప్పడు!" అన్నాడు బాబాయ్.

నౌఫల్ యుస్రా చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టర్, దాన్ని చెవిటిదాన్ని చెయ్యడం ఎలా?"

యుస్రా డబ్బా వంక చూసింది. "రెండు ట్యాగ్‌లు ఒకేసారి పలికితే రిసీవర్‌కి ఏ నంబరూ తెలీదు. నలభై పలికితే..."

ముగ్గురూ డబ్బా మీద పడ్డారు. టేపు పళ్ళతో చింపి అయస్కాంతాలు పీకారు. యుస్రా గోళ్ళు విరిగిపోయాయి. సంచీలో పోసిన ట్యాగ్‌లతో నౌఫల్ నీళ్ళలోకి దూకాడు. సంచీని పదమూడో రిసీవర్ పక్కనే ఇసకలో కూరి, కాళ్ళు తన్నుకుంటూ పైకొచ్చాడు. పడవ అంచు పట్టుకునేసరికి ఫెర్రీ నీడ వాళ్ళ మీద పడింది.



ఫెర్రీ మొత్తం దాటిపోయింది. వెనక నురగ మిగిలింది. అంతే.

"ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి?" నౌఫల్ అడిగాడు.

"హాఫెద్‌కి రిసీవర్ పని నేర్పింది నేనే. వాణ్ణి చంపేశారు," అంది యుస్రా. "మీ కర్నల్‌ని పిలువు. వాళ్ళ పేర్లన్నీ చెప్తాను."

వెళ్తున్న ఫెర్రీ మీంచి ఒక ముసలావిడ రెయిలింగ్‌కి ఆనుకుని కేకేసింది:

"ఏం బాబూ, ఆక్టోపస్ ఏమైనా దొరికిందా?"

"లేదు పిన్నీ," అన్నాడు నౌఫల్ నీళ్ళు కక్కుతూ. "ఇవాళ సముద్రం మరీ గోలగా ఉంది."