మలుపింటి వాల్వుల పెట్టె

చీకటి పడ్డాక మా ఒషిమి రేవులో ఎవరూ కొండ మలుపు మీదుగా నడిచేవాళ్ళు కాదు. చేపల మార్కెట్ నుంచి పై వీధికి అదే దగ్గర దారి. అయినా సరే, తడి బుట్టలు మోసుకుంటూ మెట్ల దారిన చుట్టూ తిరిగి పోయేవాళ్ళమే గానీ, ఆ మలుపులో ఉన్న ఇంటి ముందు నుంచి మాత్రం... ఊహూఁ.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే ఆడవాళ్ళు. హరుయో, పక్క మీంచి లేవలేని ఆమె అత్తగారు ఉమె. మగవాళ్ళెవరూ లేరు.

కానీ రాత్రయితే ఆ ఇంట్లోంచి మగ గొంతు వినిపించేది.

"ఏమే హరుయో, కొత్త మొగుణ్ణి బీరువాలో దాచావటగా? ఓసారి బయటికి తే, మేమూ చూసి పెడతాం!" అని మార్కెట్లో చేపలు కోసే కియో ఎగతాళి చేసింది.

హరుయో నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"కొత్తాయన కాదు కియో. పాతాయనే," అంది మెల్లగా.

కియో చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. హరుయో మొగుడు తోకుజి సముద్రంలో పోయి అప్పటికి కొన్నేళ్ళు. కణవ చేపల వేటకి ఒంటరిగా వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు.

ఆ తర్వాతి సంగతి నాకు ఒకునో చెప్పాడు. రేవు వీధిలో రేడియోలు బాగుచేసే ఒకునో. తోకుజికి ప్రాణ స్నేహితుడు. నేను విన్నది విన్నట్టే చెబుతాను. ఇంత వింత ఎలా జరిగిందో నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

తోకుజికి పాటలంటే పిచ్చి. టోక్యో వెళ్ళినప్పుడల్లా కరెంటు సామాన్లమ్మే అకిహబారా సందుల్లో గాజు బుడ్ల లాంటి వాల్వులూ, బరువు ట్రాన్స్‌ఫార్మర్లూ ఏరుకొచ్చి, ఒకునోతో కలిసి స్టీరియో ఆంప్లిఫయర్ ఒకటి కట్టుకున్నాడు. ఆ పెట్టె మీట వేయగానే పాడదు. వాల్వులు మెల్లమెల్లగా నిప్పుకణికల్లా ఎర్రబడాలి. అప్పుడు గాని గొంతు విప్పదు.

"స్పీకర్లు తగిలించకుండా వెలిగించకు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. కరెంటు తీసేసినా కాసేపు లోపల చెయ్యి పెట్టకు, కొడుతుంది," అని పెళ్ళానికి నేర్పాడు. ఆయన పోయాక హరుయో రోజూ సాయంత్రం దాన్ని వెలిగించేది. దీపం పెట్టినట్టే అనుకోండి.

ముసలామెకి మాత్రం పాటలు అక్కర్లేదు. ఒకటే మాట.

"వాడి ఎముక ఒక్కటైనా తెచ్చి రాయి కింద పెట్టండే. ఖాళీ సమాధి పక్కన నేనెలా పడుకోను?"

మా దగ్గర అస్థికలు లేని సమాధి అంటే తాళం వేయని ఇల్లు లాంటిది. పోయినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఆమెకి రోజులు దగ్గర పడ్డాయని వైద్యుడు చెప్పేశాడు. ఏదో ఒకటి తెచ్చి ఆమె కళ్ళబడేలా చెయ్యాలి... హరుయోకి అదే దిగులు.

ఆ ఏడు ఆగస్టులో, పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండగకి, హరుయో ఒక పని చేసింది. ఒక స్పీకరును లోపలి గదిలో, మొగుడి ఫొటో పెట్టిన పూజా బీరువా పక్కకి జరిపింది. ఆయనకి దగ్గరగా వినపడాలని! వైరు చాలలేదు. ఇంకో వైరు కలిపి, కిటికీలోంచి బయటికి తీసి, చూరు కింద నుంచి ఆ గదిలోకి లాగింది.

ఆ రాత్రి పాట అయిపోయింది. రికార్డు మీంచి ముల్లు ఎత్తేసింది. వాల్వులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి...

అప్పుడు ఫొటో పక్కనున్న స్పీకరులోంచి...

"...ఎవరైనా ఉన్నారా... వింటున్నారా..."

నీళ్ళ అడుగు నుంచి మాట్లాడినట్టు. తెగుతూ, మునుగుతూ.

హరుయో స్పీకరు దగ్గరికి జరిగింది.

"...చలి... ఇక్కడంతా చీకటి... ఇంకా చాలా దూరం..."

తోకుజి గొంతే! ఆవిడ చాప మీద అలాగే మోకాళ్ళ మీద పడి, "వింటున్నానండీ... చెప్పండి..." అంది.

జవాబు లేదు. గరగరమని హోరు. ఆ తర్వాత ఏమీ లేదు.

అది మొదలు. కొన్ని రాత్రులు వచ్చేది, కొన్ని రాత్రులు వచ్చేది కాదు. "ఎక్కడున్నారండీ?" అని ఈవిడ అడగని రాత్రి మాత్రం లేదు. స్పీకరు ముందు వేడి అన్నం పెట్టేది. చలి అన్నాడని ఆయన పాత దూది కోటు దానికి కప్పేది. దారిన పోయేవాళ్ళు ఆ గొంతు విన్నారు, ఊరంతా పాకింది. మలుపుకి చెడ్డపేరు వచ్చింది.

చివరికి గొంతు మరీ తెగిపోతోందని ఆవిడే ఒకునోని పిలిచింది.

"పెట్టెలో ఏదో తేడా వచ్చింది మరిదీ. ఆయన మాట సగమే వినపడుతోంది. కాస్త బాగుచేసి పెట్టు."

ఒకునోకి నవ్వొచ్చింది, భయమూ వేసింది. "వదినా, వాల్వులో మనుషులుండరు. పాతబడితే అవే కూస్తాయి, అవే ఈల వేస్తాయి. చూద్దాం ఉండు," అంటూ పనిముట్ల సంచి విప్పాడు.

పెన్సిలుతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టాడు. ఏదీ కూయలేదు. ఆపి, చల్లారనిచ్చి, ఎడమవైపు వాల్వులు కుడికీ, కుడివి ఎడమకీ మార్చాడు. మళ్ళీ వెలిగించాడు. రికార్డు వాయించే బల్ల నుంచి వచ్చే తీగలు పీకేశాడు. శబ్దం తిప్పే బొత్తం పూర్తిగా తగ్గించేశాడు.

"ఇక దీనికి పాడటానికి ఏమీ లేదు వదినా. పాడిందంటే..."

"...వింటున్నారా... ఎవరైనా..."

ఒకునో చేతిలోంచి పెన్సిలు జారింది.

ఆ గొంతు ఎవరిదో చెప్పమని ఎవరూ అడగక్కర్లేదు. చిన్నప్పటి నుంచి విన్న గొంతు. లోపలి గదిలో ముసలామె కూడా గొణిగింది, "వాడే... వాడే..." అని.

ఒకునో ఆపేశాడు. చూడాల్సింది ఇంకొక్కటే మిగిలింది. లోపలి స్పీకరును తెచ్చి పెట్టె పక్కనే పెట్టాడు. పొడుగు వైరు తీసేసి, జానెడు వైరుతో బిగించాడు. వెలిగించాడు.

నిశ్శబ్దం. వాల్వులు ఎర్రబడ్డాయి. నిశ్శబ్దమే.

"ఆయనేడీ?" హరుయో స్పీకరుని రెండు చేతులా పట్టుకుంది. "ఏం చేశావ్ మరిదీ? ఆయనేడీ?"

ఒకునో చూరు కింద వేలాడుతున్న వైరు వంక చూశాడు. కిటికీలోంచి కిందికి చూశాడు. అక్కడ సముద్రం, దాని పక్కన రహదారి. అతని ముఖం పాలిపోయింది.

"ఇలాగే ఉంచుదాం వదినా," అన్నాడు. "పొట్టి వైరే మంచిది. నా మాట విను."

"ఎముకైనా దొరకని మనిషి! ఉన్న గొంతు కూడా తీసేస్తావా? నువ్వా, ఆయన స్నేహితుడివి?"

ఒకునో తల దించుకుని పొడుగు వైరే మళ్ళీ తగిలించాడు. హరుయో స్పీకరుకి నోరు ఆనించి గుసగుసగా అడిగింది, "ఎక్కడున్నారండీ... ఒక్కసారి చెప్పండి... అత్తయ్య వెళ్ళిపోయేలా ఉంది..."

హోరు... గరగర... ఆపైన, ఎన్నడూ లేనంత స్పష్టంగా...

"...కరసు కనుమ దిగాక... పైన్ చెట్ల కింద... ఎప్పుడూ ఉండే చోటే..."

హరుయో లేచింది. అస్థికలు మూటగట్టే తెల్లగుడ్డ తీసింది. చిన్న గునపం తీసుకుంది.

"పొద్దున వెళ్దాం వదినా. నీకు దణ్ణం పెడతాను, పొద్దున..."

"నువ్వు రాకపోతే నడిచి పోతాను."

ఒకునో తన చిన్న వ్యానులో ఎక్కించుకున్నాడు. నా అనుమానం తప్పవ్వాలి, నిజంగా దెయ్యమే కావాలి అని దేవుళ్ళందరికీ మొక్కుకున్నానని ఒకునో నాతో అన్నాడు. దెయ్యం కావాలని మొక్కుకునే మనిషిని నేనెప్పుడైనా విన్నానా!

కనుమ దిగాక పైన్ చెట్లు. వాటి కింద ఎవరూ లేరు. కాస్త అవతల నూడుల్స్ కొట్టు, దాని ముందు రంగు బల్బుల లారీలు వరసగా. హరుయో అటు చూడనైనా లేదు. మొదటి చెట్టు మొదట్లోనే కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. గునపం పక్కన పడేసి చేతులతో...

"ఎవరైనా ఉన్నారా, వింటున్నారా?"

వెనక నుంచి.

హోరు లేదు. గరగర లేదు. నీళ్ళు లేవు.

హరుయో మెల్లగా తల తిప్పింది.

లారీ తలుపు తెరిచి ఉంది. నెత్తిన పొడవాటి ఏరియల్ కడ్డీ గాలికి ఊగుతోంది. సీట్లో తోకుజి. కాస్త లావెక్కాడు. నోటి దగ్గర రేడియో మైకు పట్టుకుని దారిన పోయే తోటి లారీలవాళ్ళని పిలుస్తున్నాడు. పక్కన ఒకావిడ కమలాపండు ఒలుస్తోంది. ఒళ్ళో బుజ్జిగాడు మైకు లాక్కుంటూ, "నాన్నా నాకు, నాన్నా నాకు!" అంటున్నాడు.

"ఉండరా కోతీ!" అని తోకుజి పకపకా నవ్వాడు.

ఒకునో పిడికిలి బిగించి ఒక్క అడుగు వేశాడు. హరుయో అతని చొక్కా పట్టుకుంది.

"పిలవకు," అంది. ఊపిరి కూడా వినపడనంత చిన్నగా.

"వదినా, వాడు... అన్నీ తెలిసే పడవ వదిలేసి..."

"చూశాను. పిలవకు."

మళ్ళీ కూర్చుంది. తవ్విన గుంటలోంచి తెల్లటి గులకరాళ్ళు ఏరింది. ఒక్కోదాన్నీ కట్టుకున్న బట్ట కొనతో తుడిచింది. తెల్లగుడ్డలో పెట్టి మూటగట్టింది. ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది, అన్నాడు ఒకునో.

ఇంటికొచ్చేసరికి ముసలామె మేలుకునే ఉంది.

"దొరికాడా?"

"దొరికారు అత్తయ్యా."

ఉమె మూటని గుండెల మీద పెట్టుకుంది. "ఎంత చల్లగా ఉన్నాడే," అంది. నెల తిరగకముందే ఆవిడా పోయింది. తల్లీ కొడుకూ ఒకే రాయి కింద. ఊరంతా వచ్చాం, అగరొత్తులు వెలిగించాం, దణ్ణాలు పెట్టుకున్నాం. కియో అయితే వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పటికి మాకెవరికీ ఏమీ తెలియదు.

ఇన్నాళ్ళూ ఏరియల్‌లా లారీల రేడియో మాటలు పట్టిన ఆ పొడుగు వైరుని ఒకునో కత్తిరించి పొట్టిది బిగించాడు. ఆ రోజు నుంచీ పెట్టెలోంచి పాటలే గానీ మాటలు లేవు. మేము మళ్ళీ మలుపు దారినే పోవడం మొదలుపెట్టాం.

ఆ తర్వాతి చలికాలం. వాన. నేనూ కియో బుట్టలతో వస్తున్నాం. మలుపులో వీధిదీపం కింద ఒక మనిషి... గొడుగు లేదు... ఆ ఇంటి వైపే చూస్తూ...

తల తిప్పాడు.

తోకుజి!

మా దగ్గర దెయ్యాలకి కాళ్ళుండవంటారు. ఇతనికి ఉన్నాయి, బురద బూట్లతో సహా. అయినా ఏం లాభం, కియో బుట్ట అక్కడే వదిలేసి కేకలు పెడుతూ కొండ దిగిపోయింది. నేను గోడకి ఆనుకుని ఉండిపోయాను. అందుకే విన్నాను.

అతను వెళ్ళి తలుపు తట్టాడు.

"హరుయో... నేనే. నాకింకెవరూ లేరు. తలుపు తియ్యవే..."

లోపల పాట ఆగింది. తలుపు పక్కకి జరిగింది. వెనక వాల్వుల ఎర్రటి వెలుగు, ముందు ఆవిడ. చేతిలో గిన్నె. చావు ఇంటి నుంచి వచ్చినప్పుడు మైల పోవాలని మేము గుమ్మంలో చల్లుకునే ఉప్పు.

పిడికెడు తీసి అతని తల మీద చల్లింది. పిడికెడు భుజాల మీద. మిగిలిందంతా పాదాల మీద.

"మీ చోటు కొండ మీద ఉందండీ, అత్తయ్య పక్కన," అంది, పసివాడికి దారి చెప్పినంత నెమ్మదిగా. "అక్కడికి వెళ్ళండి. చీకట్లో ఇలా ఊళ్ళో తిరిగితే జనం భయపడతారు."